తుంగ తిప్పని దోనె

గుమ్మడివలస హైస్కూల్లో ఏడో తరగతి పిల్లలు ముప్పై ఒక్కమంది అరుగు చుట్టూ మూగి, ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగి చూస్తున్నారు. ఆ రోజు చివరి అధ్యాయం. బడి తెరిచిన వారంలో మొదలుపెట్టిన 'మబ్బుల్లో దోనె' నవల నవంబరు రెండో వారానికి ఆఖరి పేజీల్లోకి వచ్చింది.

అరుగంటే ఇంటి ముందు అరుగు కాదు. తెలుగు టీచరు లోలాక్షి భర్త దామోదర్ నాలుగేళ్లు కూర్చుని తయారుచేసిన యంత్రం. రెండు బల్లలు కలిపినంత వెడల్పున్న గాజు పళ్లెం, అందులో జానెడు మందాన బూడిద రంగు రేణువులు. పిల్లలు తమ ఎలక్ట్రానిక్ పలకల మీద మామూలు తెలుగులోనే కోడు రాసేవారు. 'ఎవరైనా పిలిస్తే తుంగ పలుకుతుంది, పేజీ 4.' 'దోనె కదిలే ముందు తుంగ తలలు లెక్కపెడుతుంది, పేజీ 9.' 'ఒక్క తల తగ్గినా తెడ్డు వెయ్యదు, పేజీ 9.' ఇలా రాసి పంపగానే రేణువులు లేచి బెత్తెడు ఎత్తు మనుషులై నడిచేవి. పేజీ నెంబరు లేని సూత్రాన్ని అరుగు తీసుకోదు. అందుకని వెనక బెంచీవాళ్లు కూడా పుస్తకం తిరగేయక తప్పేది కాదు.

అసలు విశేషం అది కాదు. సూత్రం రాయని చోట ఏం చెయ్యాలో, అప్పటిదాకా రాసినవన్నీ కలుపుకుని బొమ్మ తనంతట తానే తేల్చుకునేది. ఆగస్టులో ఒకనాడు, తెగిన గాలిపటం ఒకటి మబ్బు మీద తేలుతూ వస్తే తుంగ ఏం చెయ్యాలో ఎవరూ రాయలేదు. బొమ్మ తుంగ వంగి దాన్ని తీసి, దోనె తోకకు కట్టుకుంది. పుస్తకంలో కూడా అదే ఉందని మర్నాడు చదివి తెలుసుకున్న పిల్లలు డస్టరు కిందపడేలా చప్పట్లు కొట్టారు. ఆ రోజునుంచీ తుంగ వాళ్ల క్లాసు పిల్ల అయిపోయింది. హాజరు వేసేటప్పుడు ముప్పై ఒకటి కాగానే ఎవరో ఒకరు "తుంగ?" అనేవారు, మిగిలినవాళ్లు "ప్రెజెంట్ టీచర్" అనేవారు.

ఆ నవల్లో ఆకాశం మీద మబ్బు నది పారుతుంది. పదేళ్ల తుంగ దాని మీద తాటిదోనె నడుపుతూ తప్పిపోయిన వాళ్లందరినీ ఒడ్డుకు చేరుస్తుంది. చివరి అధ్యాయంలో మబ్బు కరిగి వాన కాబోతోంది. ఆలోగా ఒడ్డు చేరాలి. దోనెలో పదకొండు మంది ఎక్కారు. పన్నెండోవాడు తుంగ తమ్ముడు చిట్టి. మేకపిల్ల కోసం మబ్బుకొండ ఎక్కాడు. పుస్తకంలో తర్వాతి వాక్యం ఇది: 'తుంగ కళ్లు మూసుకుని దోనెను ఒడ్డు వైపు వెనక్కి తిప్పింది.' చిట్టి కొండతోపాటు కరిగి వానగా కురుస్తాడు. ఒడ్డున అక్క రెండు చేతులూ చాచి ఆ వానలో నిలబడుతుంది. అంతటితో కథ అయిపోతుంది.

"కానివ్వు ఝాన్సీ" అంది లోలాక్షి.

సనపల ఝాన్సీ మీట నొక్కింది. మబ్బు నది అంచులు కరగడం మొదలైంది. తుంగ తలలు లెక్కపెట్టింది. కొండ వైపు చూసింది. దోనె వైపు చూసింది. తెడ్డు ఎత్తింది. ఎత్తిన తెడ్డు అలాగే ఉండిపోయింది. ఏ ఒక్క బొమ్మా ముందుకూ వెనక్కూ అడుగు వెయ్యలేకపోతే అరుగు అక్కడితో ఆగుతుంది. అరుగు ఆగింది.

"మళ్లీ నొక్కు."

మళ్లీ అదే. గంట కొట్టేలోగా ఏడుసార్లు నొక్కారు. ఏడుసార్లూ తుంగ తెడ్డు ఎత్తి నిలబడిపోయింది.

"టీచర్, తుంగ ఎల్లదండి" అన్నాడు లోహిత్. "తమ్ముణ్ణి ఒదిలేసి ఎలగెల్తాదండి?"

"మరి పుస్తకంలో వెళ్లిందిగా?"

లోహిత్ పుస్తకం తెరిచి ఆ వాక్యం మళ్లీ చదువుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో దామోదర్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆ ఏడుసార్లూ అరుగు ఏం చేసిందో చెప్పే చిట్టా చూశాడు. అతను రాజాంలో ఒక ఇంజనీరింగు కాలేజీ ప్రయోగశాలలో పనిచేస్తాడు. వచ్చే గురువారం విద్యాశాఖ వాళ్లు అరుగును చూడ్డానికి గుమ్మడివలస వస్తున్నారు. వాళ్లకు నచ్చితే వచ్చే ఏడాది నలభై బడుల్లో అరుగులు పెడతారు. చూపించాల్సింది చివరి అధ్యాయమే.

"తప్పేం లేదు లోలా" అన్నాడు చివరికి. "పిల్లలు తుంగకి రెండొందల పన్నెండు సూత్రాలు రాశారు. అన్నీ పుస్తకంలోవే. ఒక్కటీ ఒకదానికొకటి అడ్డం రాలేదు. ఈ ఒక్క వాక్యం దగ్గరే..."

లోలాక్షి వంకాయలు తరుగుతూ, "పుస్తకంలో తుంగ తిప్పింది. అరుగు మీద తుంగ తిప్పడం లేదు. ఇద్దరిలో ఒకరు తప్పు చెబుతున్నారు" అంది.

"ఎవరు తప్పయినా గురువారం నాటికి దోనె తిరగాలి. బలవంతపు వరస వేస్తాను. ఒక్క లైను. 'ఏమైనా సరే, తుంగ దోనె తిప్పుతుంది.' బొమ్మ మరి ఆలోచించదు."

"దానివల్ల ఏమీ కాదు కదా?"

"ఒక్క లైనుకి ఏమవుతుంది?" అన్నాడు దామోదర్. అతని మాట ధీమాగానే ఉంది. ఆ సంగతి అంతకుముందు ఎన్నడూ పరీక్షించి చూడలేదని మాత్రం చెప్పలేదు.

మర్నాడు శుక్రవారం కోడింగు పీరియడ్‌కు దామోదరే స్వయంగా వచ్చాడు. పిల్లల ముందే ఆ లైను రాశాడు. అరుగు ఈసారి ఆగలేదు. తుంగ తలలు లెక్కపెట్టింది, తెడ్డు వేసింది, దోనె చక్కగా తిరిగింది. కొండ కరిగింది, వాన కురిసింది. పిల్లలు చప్పట్లు కొట్టలేదు.

"మొదటినుంచీ ఒకసారి చూద్దామండి" అంది ఝాన్సీ.

మొదటి అధ్యాయం నడిపారు. దోనె బయల్దేరబోతోంది. ఒడ్డునుంచి ఒక ముసలమ్మ "ఓ తుంగా!" అని కేకేసింది. తుంగ ఆ వైపు తిరగలేదు. రెండో అధ్యాయంలో తలలు లెక్కపెట్టకుండానే దోనె నడిపింది. గాలిపటం వచ్చింది. తెడ్డుతో పక్కకి నెట్టేసింది.

"ఇదేంటి?" అన్నాడు దామోదర్. గబగబా చిట్టా విప్పి చూశాడు. అరుగు తన పని తాను చేసింది. తమ్ముణ్ణి కొండ మీద వదిలి వెళ్లగల పిల్ల పిలిస్తే ఎందుకు పలుకుతుంది, తలలెందుకు లెక్కపెడుతుంది అని లెక్క వేసుకుంది. రెండొందల పన్నెండు సూత్రాల్లో నూట తొంభైని లోపల్లోపలే చల్లార్చేసి, ఆ ఒక్క లైనుకు సరిపడే పిల్లను తయారుచేసింది.

ఝాన్సీ ముక్కు తుడుచుకుంది. ఏడుస్తున్నట్టు ఎవరికీ తెలియకూడదని తల వంచుకునే అంది.

"ఇది తుంగ కాదు సార్. తుంగలాగా ఉన్నాది, అంతే."

దామోదర్ ఆ లైను తీసేశాడు. తుంగ మళ్లీ తెడ్డు ఎత్తి నిలబడింది. అలా నిలబడ్డదాన్ని చూసి పిల్లలకు ప్రాణం లేచొచ్చినట్టయింది. దామోదర్ మాత్రం చిట్టాను మళ్లీ మొదటినుంచీ చదివాడు. తన యంత్రంలో ఇలాంటి గుణం ఉందని తనకే తెలియదు.

ఆ పీరియడ్ అయిపోయేలోగా లోలాక్షి పిల్లలకు ఒక పని ఇచ్చింది. "శని, ఆదివారాలు పుస్తకం మళ్లీ చదవండి. ఈసారి తుంగను వదిలేసి మిగతావాళ్లను చదవండి. ఒక్కొక్కళ్లూ ఒకరిని పంచుకోండి."

"నాకెవరండి?" అన్నాడు లోహిత్.

"దోనె చివర కూర్చునే అప్పన్న తాతని తీసుకో."

"ఆడు చుట్ట కాలుస్తాడు, దగ్గుతాడు, మబ్బుల్ని తిడతాడు. అంతే గదండి. మూడే సూత్రాలు."

"చదివి చూడు."

ఆ నవల రాసిన బగాది కామాక్షమ్మ శ్రీకాకుళంలోనే ఉంటుందని లోలాక్షికి తెలుసు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయింది. వయసు డెబ్బై ఆరు. జన్మలో ఆ ఒక్క పుస్తకమే రాసింది. శనివారం ఉదయం ఫోన్ చేసి, ఝాన్సీ వాళ్ల నాన్నను అడిగి పిల్లను వెంటబెట్టుకుని లోలాక్షి బస్సెక్కింది.

ఏడురోడ్ల కూడలికి దగ్గర్లో రెండు గదుల వాటా. కామాక్షమ్మ కుండలో తేగలు ఉడకేసి కూర్చుంది. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు హలో హలో అని అలవాటైన గొంతు.

"కూర్చోండమ్మా. నువ్వేనా తుంగ కోసం ఏడ్చిన గుంటవి? ఇదిగో, తేగ తిను. చందమామని పారీకు, అదే తియ్యగా ఉంటాది."

ఝాన్సీ తేగ చీల్చి, మధ్యలో ఉండే ఆ పల్చని చందమామ ఆకును నోట్లో వేసుకుంది. లోలాక్షి జరిగినదంతా చెప్పింది. అరుగు ఎలా పనిచేస్తుందో, పిల్లలు ఎలా రాశారో, తుంగ ఎక్కడ ఆగిపోయిందో. కామాక్షమ్మ మొదట నవ్వుతూ విన్నది. గాలిపటం సంగతి విని తొడ మీద చరుచుకుని మురిసిపోయింది. తెడ్డు ఎత్తి నిలబడిపోయిందన్న మాట దగ్గర నవ్వు ఆగింది. చేతిలో తేగ అలాగే ఉంది.

"ఎన్నిసార్లు?"

"ఏడుసార్లు నడిపామండి. ఏడుసార్లూ వెళ్లలేదు."

ఆమె లేచి వెళ్లి పొయ్యి ఆర్పి వచ్చింది. ఆర్పాల్సిన పనేమీ లేదు, అది అప్పటికే ఆరిపోయింది.

"మాది నాగావళి అవతల ఒడ్డమ్మా" అంది వచ్చి కూర్చుని. "నాకు పదేళ్లు. తమ్ముడు సూరికి ఆరు. ఏరు పొంగి ఊళ్లోకొచ్చేసింది. మా అమ్మ పసిగుంటను చంకనేసుకుని ముందు దోనెలో ఎల్లిపోయింది. తమ్ముణ్ణి తీసుకుని రెండో దాంట్లో రమ్మని నాకు చెప్పింది. దోనె తాడు నా చేతికిచ్చి పట్టుకోమన్నారు. సూరిగాడు కోళ్లగూడు మూసుందని, తీసొస్తానని పరిగెత్తాడు. నేను తాడు పట్టుకుని గట్టు మీద నిల్చున్నాను. తరవాత చూసుకుంటే దోనె ఏటి మధ్యలో ఉన్నాది. దాంట్లో నేనున్నాను. సూరి లేడు."

ఝాన్సీ తేగ పక్కన పెట్టేసింది.

"ఒడ్డుకెళ్లాక అమ్మ అడిగింది, సూరి ఏడీ అని. ఒక్కసారే. మరి జన్మలో అడగలేదు. తాడు నా చేతిలో ఉన్నాది. నేను ఒదిలితేనే గదమ్మా దోనె కదిలింది? మంచి పిల్లయినా ఒకప్పుడు ఒదిలెయ్యాల్సొస్తాదని నాకు నేను చెప్పుకోడానికి రాసినానా పుస్తకం. నూటాభై పేజీలు ఆ ఒక్క వాక్యం కోసమే. చదివినవాళ్లందరూ తుంగది గొప్ప త్యాగమని ఉత్తరాలు రాసినారు. కొన్నాళ్లకి నాకూ అలాగే అనిపించింది." ఆమె చేతులు చీరకు తుడుచుకుంది. "ఇప్పుడు మీ పిల్లలేమో తుంగ ఒదలదంటున్నారు. మంచిపిల్ల ఒదలదంటే, ఒదిలిన నేనేటి?"

పిల్లల చేత పుస్తకం చదివిద్దామని మొదలుపెట్టిన పని ఇంకొకరి పుండు మీదికి వచ్చి ఆగుతుందని లోలాక్షి అనుకోలేదు. "క్షమించండమ్మా, మేము రాకుండా ఉండాల్సింది" అంది.

"రావడం మంచిదే. నేనే, ఈ కబురు ఒక యాభై ఏళ్లు ఆలస్యంగా వింటున్నాను." నవ్వడానికి ప్రయత్నించి, మిగిలిన తేగలన్నీ కాగితంలో చుట్టి ఝాన్సీ చేతిలో పెట్టింది.

బస్సులో ఝాన్సీ తేగల పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమదాలవలస దాటాక, "టీచర్, పదేళ్లంటే నాకన్నా రెండేళ్లు చిన్నదండి" అంది.

ఆదివారం దామోదర్ దేనిమీదా మనసు నిలవక ఇల్లంతా సర్దాడు, అటక మీద సామాను దింపి మళ్లీ ఎక్కించాడు. భార్య చెప్పిందంతా విన్న దగ్గర్నుంచీ అతనికి ఒకటే ఆలోచన. అరుగు తీసుకెళ్లి నలభై బడుల్లో పెడితే, ఏ పుస్తకం కింద ఎవరి కథ ఉందో ఎవరికి తెలుసు? మధ్యాహ్నం భోజనాల దగ్గర, "ఇది పెట్టెలో పెట్టి తాళం వేసేస్తే?" అన్నాడు.

"వేసేస్తే పిల్లలు ఊరుకుంటారా?" అంది లోలాక్షి. "వాళ్లు ఇప్పుడు అప్పన్న తాతను చదువుతున్నారు."

సోమవారం రెండో పీరియడ్ మొదలవుతుండగా బడి ముందు ఆటో ఆగింది. కామాక్షమ్మ దిగింది. ఎవరూ పిలవలేదు. "నిద్ర పట్టలేదమ్మా రెండు రోజులూ. దాన్ని నేను చూడాలి" అంది.

పిల్లలు లేచి నిలబడ్డారు. పుస్తకం మీద పేరున్న మనిషి ఎదురుగా వస్తే ఏం చెయ్యాలో తెలియక ఒకడు సెల్యూట్ కొట్టాడు. ఆమెకు అరుగు పక్కనే కుర్చీ వేశారు. ఝాన్సీ చివరి అధ్యాయం నడిపింది. బెత్తెడు తుంగ తలలు లెక్కపెట్టి, కొండను చూసి, తెడ్డు ఎత్తి ఆగిపోయింది. కామాక్షమ్మ గాజు మీదికి వంగి ఆ బూడిద రంగు పిల్లనే చాలాసేపు చూసింది. ఎవరూ మీట నొక్కలేదు.

"టీచర్, నేను చదివినానండి" అన్నాడు లోహిత్ వెనకనుంచి. వాడి చేతిలో రాతపుస్తకం ఉంది. "అప్పన్న తాతవి మూడు కాదండి. పంతొమ్మిది ఉన్నాయండి."

"చదువు."

లోహిత్ గొంతు సవరించుకున్నాడు. "దోనెలో ఎక్కినోడు నా బిడ్డే అంటాడు, పేజీ 22. జొరమొచ్చిన ఆడమనిషిని ఆవిడ తిడుతున్నా ఎత్తుకొచ్చి దోనెలో పడుకోబెడతాడు, పేజీ 37. మేకపిల్ల భయంతో కదలకపోతే, భయపడ్డోళ్లని అడక్కూడదు, ఎత్తుకోవాలి అంటాడు, పేజీ 61. ఇది మంచి సూత్రమండి. కళ్లు కనబడవని తెడ్డు తుంగకిచ్చాడు గానీ, ఏరు ఎటు పారతాదో చెవులతో తెలుస్తాదంట, పేజీ 70..."

"మేమంతా వీటిని ఎలా వదిలేశాం?" అంది లోలాక్షి.

"ఆడు ఎక్కువ మాటాడ్డండి. పక్కనెక్కడో ఉంతాడు. అందుకే మన కంటికి ఆనలేదు."

కామాక్షమ్మ తలెత్తి వాడి వైపు చూసింది. "ఇవన్నీ నేను రాసినానా?" అంది.

లోహిత్ పంతొమ్మిది సూత్రాలూ పేజీ నెంబర్లతో ఎక్కించాడు. దామోదర్ అప్పుడే లోపలికి వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. బలవంతపు వరస లేదు. తుంగ సూత్రాల్లో ఒక్క అక్షరం మార్చలేదు. ఝాన్సీ మీట నొక్కింది.

మబ్బు కరగడం మొదలైంది. తుంగ తలలు లెక్కపెట్టింది. కొండను చూసింది. తెడ్డు ఎత్తింది. ఆగిపోయింది.

అరుగు ఆగలేదు.

దోనె చివర ముడుచుకుని కూర్చున్న అప్పన్న తాత లేచాడు. చెవి ఒగ్గి విన్నాడు. తడుముకుంటూ అందరినీ దాటుకుని ముందుకు వచ్చాడు. ఎడమ చేయి తుంగ నడుము చుట్టూ వేసి ఎత్తి చంకన ఇరికించుకున్నాడు. తుంగ కాళ్లు కొట్టుకుంది. ఒక పిడికిలితో అతని వీపు మీద బాదింది. తెడ్డు వదల్లేదు. తాత ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి దాన్ని తీసుకుని, కుడి చేత్తో దోనెను వెనక్కి తిప్పాడు. దోనె ఒడ్డు తాకేవరకూ తుంగ ముఖం కొండ వైపే ఉంది. కొండ కరిగింది. వాన కురిసింది. ఒడ్డున దించగానే ఆ పిల్ల రెండు చేతులూ చాచి వానలో నిలబడింది.

ఝాన్సీ వెంటనే మొదటి అధ్యాయం నడిపింది. ముసలమ్మ కేకేసింది. తుంగ చటుక్కున తిరిగి పలికింది.

"తుంగే!" అన్నాడొకడు. అంతే, గది దద్దరిల్లిపోయింది.

ఆ గోలలో కామాక్షమ్మను ముందు చూసింది లోలాక్షి. ఆమె ఎడమచేత్తో పక్కటెముకల కింద గట్టిగా నొక్కుకుని ఉంది. లోలాక్షి పరుగున వెళ్లి, "ఏమైందమ్మా? నొప్పా?" అంది.

"ఇక్కడ" అంది కామాక్షమ్మ. "ఇక్కడ నెల్లాళ్లు నల్లగా కమిలిపోయింది. అమ్మ పసుపు రాసేది. దోనె అంచు తగిలుంటాదనుకున్నాం." కాసేపు ఊపిరి పీల్చుకుని, మళ్లీ అంది. "తడిగుడ్డ వాసన. చుట్ట వాసన. నా మొకం ఎవరిదో వీపుకేసి ఉన్నాది. ఏరు తలకిందులుగా కనిపించింది నాకు. అది కల అనుకున్నాను ఇన్నాళ్లూ. నిల్చున్నదాన్నయితే ఏరు తలకిందులుగా ఎందుకు కనిపిస్తాది?"

పిల్లలు సద్దుమణిగారు. దామోదర్ ముందుకు వచ్చి ఆమె కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. అబద్ధం చెప్పి ఓదార్చడం అతనికి చేతకాదు.

"అమ్మా, ఒక్క మాట. ఈ యంత్రానికి జరిగింది తెలియదు. పుస్తకంలో ఉన్నదే దీనికి తెలుసు. అంతకు మించి దీన్ని నమ్మొద్దు."

"పుస్తకం రాసింది నేనే గదా నాయనా" అంది కామాక్షమ్మ. "ఆ తాతని నేను తెలిసి రాయలేదు. దోనె అన్నాక ఒక ముసలాడు ఉండాలని పెట్టాను. ఈ పంతొమ్మిదీ నాలోంచి ఎక్కణ్ణించి వచ్చినాయి మరి?"

ఆమె ఏడ్చింది. చాలామంది ఎదుట ఏడుస్తున్నానన్న సిగ్గు లేకుండా, గట్టిగా, చిన్నపిల్లలా ఏడ్చింది. ఝాన్సీ తన మంచినీళ్ల సీసా మూత తీసి అందించింది. ఆమె తాగి, కొంగుతో ముఖం తుడుచుకుని, లోహిత్‌ను దగ్గరికి పిలిచి వాడి జుట్టు చెరిపేసింది.

"టీచర్, అయితే పుస్తకంలో ఆ వాక్యం తప్పు గదండి?" అన్నాడు లోహిత్. "తిప్పింది అప్పన్న తాత. మళ్లీ అచ్చేసినప్పుడు మార్చెయ్యొచ్చు గదండి?"

అందరూ కామాక్షమ్మ వైపు చూశారు. ఆమె ఆలోచించింది.

"ఒద్దు. అలాగే ఉండనీ. పదేళ్ల గుంట అలాగే అనుకున్నాది, తనే తిప్పినానని. చదివినోళ్లు మీలాగే ఎతుక్కుంటారు."

గురువారం విద్యాశాఖ వాళ్లు ముగ్గురు వచ్చారు. అప్పన్న తాత దోనె తిప్పడం చూశారు. వాళ్లలో పెద్దాయన పుస్తకం తెరిచి పట్టుకుని, "పుస్తకంలో ఉన్నట్టు లేదే" అన్నాడు. ఝాన్సీ లేచి పేజీ 61 చదివి వినిపించింది. పేజీ 37, పేజీ 22 మిగతావాళ్లు వినిపించారు. ఆయన ఒక్కొక్క పేజీ తిప్పి చూసుకుంటూ ఎనభై నిమిషాలు కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది.

వెళ్లేముందు దామోదర్‌ను పక్కకి పిలిచాడు. అరుగు బాగుంది గానీ, ఎప్పుడైనా టీచరుకు కావలసినట్టు బొమ్మను నడిపించే ఏర్పాటు కూడా ఉంటే నలభై బడులకూ ఇప్పుడే సంతకం పెడతానన్నాడు. ఆ ఏర్పాటు ఉందని, ఒకసారి వాడామని, నిన్ననే దాన్ని పూర్తిగా తీసేశానని దామోదర్ చెప్పాడు. ఎందుకు తీసేశాడో కూడా చెప్పాడు. పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. చివరికి పన్నెండు బడులకు ఒప్పుకున్నాడు. మిగతా సంగతి ఏడాది పోయాక చూద్దామన్నాడు.

"ఇరవై ఎనిమిది పోయాయి" అన్నాడు దామోదర్ ఇంటికి వెళ్తూ.

"పన్నెండు వచ్చాయి" అంది లోలాక్షి స్కూటర్ వెనకనుంచి. అతను నవ్వాడు. నిజానికి అతనికి ఆ రోజు తేలిగ్గానే ఉంది.

డిసెంబరు మొదటి ఆదివారం కామాక్షమ్మ ఫోన్ చేసింది. నాగావళి అవతల తన పాత ఊరి రేవు దగ్గరకు వెళ్లాలనుందని, ఒక్కర్తీ వెళ్లలేనని అంది. లోలాక్షి, దామోదర్ ఆమెను కారులో తీసుకెళ్లారు. ఝాన్సీ, లోహిత్ కూడా పట్టుబట్టి ఎక్కారు. అక్కడిప్పుడు వంతెన ఉంది. రేవు లేదు. దోనెలు నడిపిన వాళ్ల వీధిలో ఆరేడు ఇళ్లు మిగిలాయి. అడగ్గా అడగ్గా, ఆ వరదనాడు దోనె వేసిన కూర్మయ్య కూతురు ఇంకా ఉందని చెప్పారు. ఆమెకు అరవై దాటాయి. పేరు గవరమ్మ. వాకిట్లో చేపలు ఎండబెడుతోంది.

కామాక్షమ్మ తన కథ చెప్పింది. చెప్పి, "మీ నాయన ఎప్పుడైనా అన్నాడా గవరమ్మా? ఒక గుంటని చంకలో ఇరికించుకుని తెచ్చినానని, అది వీపు మీద కొట్టిందని, ఏదైనా?" అని అడిగింది.

గవరమ్మ చేతిలో చేపను తిరగేసి చాప మీద పరిచింది. చాలాసేపు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. అబద్ధమాడి సంతోషపెట్టొచ్చు. ఆ మనిషి అలాంటిది కాదు.

"నేదమ్మా. ఏ గుంట సంగతీ సెప్పనేదు. ఆ ఏడు మా నాయన మూడు దినాలు దోనె దిగనేదంట. ఎంతమందిని మోసినాడో ఆడికే లెక్క తెల్దు. రానోళ్లని కూడా ఈడ్సుకొచ్చినాడంట. తిట్టినోళ్లున్నారు, కొట్టినోళ్లున్నారు. బతికినోళ్లు మళ్లీ కనిపిస్తే ఆడు గుర్తుపట్టీవోడు కాదు." ఆమె కామాక్షమ్మను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. "ఆళ్లలో మీరూ ఉండుంతారు నెండమ్మా. నేకపోతే ఇక్కడికెలగొస్తారు?"

కామాక్షమ్మ ఆ వాకిట్లోనే, చేపల చాప పక్కన చతికిలబడింది. గవరమ్మ లోపలికి వెళ్లి ఇత్తడి చెంబుతో మజ్జిగ తెచ్చింది. పిల్లలిద్దరికీ గ్లాసుల్లో పోసింది. ఝాన్సీ మెల్లిగా, "అమ్మమ్మగారూ, సూరి ఎలగుండేవోడండి?" అని అడిగింది.

అరవై ఆరేళ్లుగా ఆ ప్రశ్న ఎవరూ ఆమెను అడగలేదు.

"సూరిగాడా?" అంది కామాక్షమ్మ. మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, చేత్తో నేల మీదనుంచి ఎత్తు చూపించింది. "ఇంతుండీవోడు. ముందు పళ్లు రెండూ లేవు. నా పేరు పలకడం రాక కామాచ్చి కామాచ్చి అనీవోడు..."

గవరమ్మ కూడా చేపల పని ఆపి, పీట లాక్కుని కూర్చుంది.